వ్రాతయు, ముద్రయు, మోసమును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)

  

మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండినవి. ఒక గదితో, ఒక బల్లతో, ఇంటింటికి పోయి అడిగి తెచ్చిన పుస్తకములతో మొదలైన ఈ సంస్థ ఈనాడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఈ సందర్భమున నన్ను మాటలాడుమని కార్యదర్శి గారు కోరినప్పుడు, ఏ విషయమును గూర్చి మాటలాడవలయునని నేనడిగితిని. ఆయన సమాధానము చెప్పక, పుస్తకములు ఎరువిచ్చెడి చిట్టాను నా ముందుంచిరి. "మన చందాదారులు ఎక్కువగా తీసికొనిపోవునవి ఇవియే చూడుడు" అనిరి. చూచితిని. అవి అపరాధ పరిశోధక నవలలు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివు యుగంధరు పుస్తకములకు అట్టలు నిలువలేదు. కుట్టు ఊడినవి కొన్ని, చివరి పుటలు చినిగినవి కొన్ని. హంతకుడెవడో తెలియకుండనే పుస్తకము తిరిగి ఇచ్చిన చందాదారులు మనలో పలువురున్నారు.

పెద్దలు కొందరు దీనికి విచారింతురు. పురాణములు, కావ్యములు బీరువాలో నిద్రపోవుచుండగా గూఢచారుల కథలు, దొంగసంతకముల కథలు చేతులు మారుచున్నవని వారి బాధ. నాకట్టి విచారము లేదు. డిటెక్టివు నవల చదువువాడు మూడు ప్రశ్నలు వేయుట నేర్చుకొనును. ఈ కాగితము ఎవరు వ్రాసిరి? దీనివలన లాభమెవరికి? ఇది నిజమని చెప్పుటకు మరియొక సాక్ష్యమున్నదా? ఈ ప్రశ్నలు సకాలమున అడుగనందున మన ఆసిఫాబాదు ప్రాంతము చెల్లించిన మూల్యము చిన్నది కాదు. కావున గూఢచర్యము, దొంగవ్రాత, మోసము అను వీనిని గూర్చియే, కథలలోను చరిత్రలోను నాకు తెలిసినంత మేరకు మీకు విన్నవించెదను. చివర నా స్వవిషయమొకటి చెప్పవలసియున్నది. దానిని ఇంతవరకు ఏ సభలోను చెప్పలేదు.

గూఢచారి యనగానే మనకు నల్లకోటు, నల్లకళ్లద్దములు తోచును. మన పూర్వులకు తోచినది వేరు. కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము పండితులకు పేరు మాత్రమే తెలిసిన గ్రంథము. మైసూరులో శామశాస్త్రి గారు దాని తాళపత్ర ప్రతిని గుర్తించి 1909లో ముద్రింపించిరి. అందు చారులను నియమించు విధమునకు ప్రత్యేకముగా అధ్యాయములు గలవు. ఒకడు విద్యార్థి వేషమున నుండును. ఒకడు సన్న్యాసము వదలినవాడు. ఒకడు సేద్యమున నష్టపడిన రైతు. ఒకడు వ్యాపారము చెడిన వర్తకుడు. ఒకడు ఊరి బయట తపస్సు చేయు జడధారి. వీరిని చూచి ఎవ్వరును భయపడరు. మన పక్కన కూర్చుండి మన కష్టము విని తల యూపు మనుష్యులు వీరు. వేగులవాని బలము అతని ఆయుధములో లేదు, మనము అతనియందుంచిన నమ్మకములో నున్నది.

అయితే కౌటిల్యుడు మరియొక మాటయు చెప్పెను. ఒక్క చారుడు తెచ్చిన వార్తను నమ్మి రాజు ఏ పనియు చేయరాదు. ఒకరినొకరు ఎరుగని ముగ్గురు చారుల మాట ఏకీభవించినప్పుడే అది నమ్మదగినది. మోసమును రాజనీతిగా బోధించిన గ్రంథమే, విన్నదెల్ల నమ్మవద్దని ఇంత గట్టిగా హెచ్చరించుట గమనింపదగినది. మోసము చేయుట తెలిసినవానికే, తాను మోసపోవు మార్గములును తెలియును గదా!

ఇక కథలలోనికి వత్తము. విశాఖదత్తుని ముద్రారాక్షసము మన గ్రంథాలయమున గలదు. చిట్టా చూడగా దానిని తీసికొనిపోయినవారు మిక్కిలి తక్కువ. పేరు చూచి రాక్షసుల కథ యనుకొనిరేమో! అది రాక్షసుల కథ కాదు. రాక్షసుడనునది నందుల మంత్రి పేరు. ముద్ర యనగా అతని ఉంగరము. యుగంధరును ఇష్టపడువారు ఈ నాటకమును తప్పక చదువవలయును. ఇందు ప్రణయము లేదు, పాటలతో కాలక్షేపము లేదు. మొదటినుండి తుదివరకు వేగులు, ఎత్తులు, పైయెత్తులు.

చాణక్యుని చారుడొకడు యమపటము చేతబట్టుకొని ఇంటింట పాడుచు బిచ్చమెత్తుచు తిరుగును. చందనదాసను రత్నాల వర్తకుని ఇంటిలోపల పాడుచుండగా ఒక పసివాడు వేడుక చూడ బయటికి పరుగెత్తి వచ్చును. లోపలి స్త్రీ కంగారుపడి వానిని వెనుకకు లాగుకొనును. ఆ తొందరలో ఆమె వేలి ఉంగరము జారి, దొరలి, చారుని కాలికడ నిలుచును. అది పురుషుని వేలికి తగిన ఉంగరము. దానిపై రాక్షసమంత్రి పేరున్నది. అతని భార్యాబిడ్డలు ఆ ఇంట దాగియున్నారని అంతటితో తెలిసిపోయినది.

ఆ ఉంగరముతో చాణక్యుడు చేసిన పని చూడుడు. ఒక లేఖ వ్రాయింపదలచెను. ఎవరు ఎవరికి వ్రాసినదో అందు పేరు లేదు. వ్రాయించినది ఎవరిచేత? రాక్షసునికి ప్రాణమిత్రుడైన శకటదాసుచేత. అది దేనికో అతనికి తెలియదు. ఆ లేఖపై రాక్షసుని ముద్ర వేయించి తన మనిషి చేతికిచ్చెను. ఆ మనిషియే వధ్యశిల నుండి శకటదాసును తప్పించినట్లు నటించి, రాక్షసుని నమ్మకమును సంపాదించెను. తుదకు ఆ లేఖ రాక్షసుని ప్రభువైన మలయకేతుని చేతిలో పడును. అతడు అక్షరములు సరిపోల్చి చూచును, శకటదాసు వ్రాతయే. ముద్ర చూచును, రాక్షసుని ముద్రయే. తనతో చేరిన ఐదుగురు రాజులు ద్రోహులని నమ్మి వారిని చంపించును. రాక్షసుని వెడలగొట్టును. యుద్ధము లేకయే యుద్ధము ముగిసినది.

ఇందు మనము విచారింపవలసినది ఒకటి గలదు. ఆ లేఖలో దొంగసంతకము లేదు. వ్రాసిన చేయి నిజమైనది. వేసిన ముద్ర నిజమైనది. మలయకేతుడు పరీక్షింపనివాడును కాడు, పరీక్షించియే మోసపోయెను. వ్రాత ఎవరిదని చూచెను, ముద్ర ఎవరిదని చూచెను. ఈ రెండును ఒకచోటికి ఎట్లు వచ్చినవి, ఎవరు తెచ్చిరి, ఎవరి లాభమునకు తెచ్చిరి అని విచారింపలేదు. ఈ మాటను మీరు మనస్సున నుంచుకొనగోరెదను. మన ప్రాంతపు కథకు దీనితో సంబంధమున్నది.

కథ అటుంచి చరిత్రను చూతము. దొంగశాసనములకు మన దేశమున కొదువ లేదు. రాజు తామ్రఫలకముపై గ్రామమును దానమిచ్చుట ఆచారమైనప్పుడు, రాజు ఇవ్వని దానమును రేకుపై చెక్కించుకొనుటయు ఆచారమైనది. దీనిని కూటశాసనమనిరి. అట్టివానికి మనుస్మృతి మరణశిక్ష విధించినది. హర్షవర్ధన చక్రవర్తి 631వ సంవత్సరమున ఇచ్చిన తామ్రశాసనమొకటి ఉత్తరదేశమున మధుబన్ అనుచోట దొరికినది. సోమకుండక యను గ్రామమును ఒకడు కూటశాసనముతో అనుభవించుచున్నాడని తెలిసి, ఆ రేకును విరుగగొట్టించి, గ్రామమును అతనినుండి తీసివేసి వేరొకరికి ఇచ్చితిమని అందున్నది. దొంగకాగితముతో భూమి కాజేయుట నిన్న మొన్న పుట్టిన విద్య కాదని దీనివలన తెలియుచున్నది.

నేటి శాసన పరిశోధకులు ఇట్టివానిని ఎట్లు పట్టుదురు? లిపి ఆ కాలపుదేనా యని చూతురు. చెప్పిన తిథివారములు గణితమునకు సరిపడునా యని లెక్కింతురు. రాజుల వంశక్రమము తక్కిన శాసనములతో కలియునా యని సరిచూతురు. దొంగ ఎంత తెలివిగలవాడైనను, మూడునూరేండ్ల క్రిందటి శాసనమును తన కాలపు అక్షరములతో చెక్కి దొరకిపోవును.

విదేశములలో దీనికంటె ఘోరమైన కథ గలదు. 1894లో ఫ్రాన్సు సైన్యమున డ్రైఫస్ అను ఒక యూదు జాతి అధికారి, జర్మనీకి రహస్యములు అమ్మెనని నేరము మోపబడినది. ఆధారము చిన్న కాగితము. వ్రాత అతనిది కాదు, ఎస్టర్‌హాజీ యను మరియొక అధికారిది. అయినను ముద్దాయి పక్షమువారికి చూపకయే కొన్ని రహస్య పత్రములను న్యాయాధిపతుల కిచ్చి, అతనిని శిక్షించి, సముద్రమధ్యమున ఒక ద్వీపమునకు పంపిరి. తరువాత అనుమానములు పుట్టగా, గూఢచార శాఖలోనే పనిచేయు హెన్రీ యను అధికారి కొత్త సాక్ష్యము నొకదానిని సృష్టించెను. ఒక నిజమైన ఉత్తరపు తలయు తోకయు తీసికొని, నడుమ తాను వ్రాయించిన కాగితము నతికించెను. 1898లో యుద్ధమంత్రి దానిని శాసనసభలో చదివెను. ఆ ఉపన్యాసమును దేశమంతట ఊరూర గోడలకు అంటించిరి. పల్లెలవారు చదివి, మంత్రియే చెప్పెను గదా యని నమ్మిరి. కొలది వారములు గడచిన తరువాత కూయిన్యే యను అధికారి ఆ కాగితమును రాత్రి దీపపు వెలుతురున పట్టి చూచెను. కాగితముపై సన్నని గీతలు గలవు. నడుమ ముక్క గీతల రంగు ఒకటి, తలతోకల గీతల రంగు మరియొకటి! హెన్రీ నేరమొప్పుకొని చెరలో ఆత్మహత్య చేసికొనెను. అయినను డ్రైఫస్ పూర్తిగా నిర్దోషి యని తేలుటకు 1906 వరకు పట్టినది. గోడకంటించుటకు పట్టిన కాలమెంత, తుడుచుటకు పట్టిన కాలమెంత! మంత్రి మాట, సైన్యము మాట, గోడమీది అచ్చు మాట అన్నియు ఒక్క కాగితమునుండియే పుట్టినవి. అవి మూడు సాక్ష్యములు కావు, ఒకే అబద్ధమునకు మూడు నోళ్లు.

వ్రాతను అనుకరింపవచ్చును, ముద్రను దొంగిలింపవచ్చును. అయితే మోసమునకు తావులేని గుర్తు ఏది? దీనికి సమాధానము మన దేశముననే దొరికినది. 1858లో వంగదేశమున జంగీపూరులో హెర్షెల్ అను ఆంగ్ల అధికారి, రోడ్డునకు కంకర తెచ్చు గుత్తకు ఒప్పుకొన్న రాజ్యధర్ కొనాయ్ అనువానిచేత కాగితముపై అరచేతి ముద్ర వేయించెను. 'ఈ సంతకము నాది కాదు' అని అతడు తరువాత బొంకకుండుటకు చేసిన ఉపాయమది. అటుపై వ్రేళ్లగీతలను విచారింపగా, ఇద్దరి గీతలు ఒక్కటి కావని, ఒకని గీతలు జీవితమంతయు మారవని తెలిసినది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము స్థాపించిరి. ఆ ముద్రలను తరగతులుగా విభజించి వెదకు పద్ధతిని ఏర్పరచుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను మనవారు చేసిన కృషి గొప్పది.

ఇంతటితో దొంగవ్రాతకు కాలము చెల్లినదని అనుకొనవచ్చును. కాని వేలిముద్ర ఒక్క ప్రశ్నకే సమాధానము చెప్పును: 'ఇది ఎవరిది?' 'అతడు ఏమి తెలిసికొని వేసెను?' అను ప్రశ్నకు అది మూగ. కాగితముమీద నున్నది చదువలేనివాని బొటనవేలికి సిరా పూసి, కాగితముపై నొక్కినచో, ఆ ముద్ర నూటికి నూరుపాళ్లు నిజము. లోకమున ఏ పరిశోధకుడును దానిని దొంగముద్ర యనలేడు. మలయకేతుని చేతిలోని లేఖవలె, వ్రాతయు నిజము, ముద్రయు నిజము, విషయము మాత్రము మోసము. ఈ తీరు మోసమునకు మన జిల్లా పుట్టినిల్లు కాకపోయినను, చిరకాలము నివాసస్థానమైనది.

మన తాలూకా అడవులలోని గోండులు, కొలాములు తరతరములుగా దున్నిన భూములకు వారిచేత కాగితము లేదు. కాగితముండవలెనని వారికి తెలియదు. నైజాము పాలనయందు పట్టాల పద్ధతి వచ్చినప్పుడు, భూమి దున్నినవాడొకడు, రికార్డులో పేరెక్కినవాడొకడు అయ్యెను. పట్వారీ వ్రాసినదే వ్రాత. పహాణీలు ఉర్దూలో నుండెను. గోండు మాట గోండి, అంగడి మాట తెలుగు లేక మరాఠీ, కచ్చేరీ మాట ఉర్దూ. మూడు భాషల నడుమ నిలిచినవాడు దేనిని సరిచూడగలడు? ఈ అన్యాయమునకు ఎదురు తిరిగినవాడే కొమురం భీము. ఆయన ఆసిఫాబాదు ప్రాంతమువాడే. ఊరు విడిచి తిరిగిన కాలమున చదువ నేర్చెనని, అచ్చుయంత్రపు శాలలో పనిచేసెనని ఆయన కథ చెప్పువారు చెప్పుదురు. 1940లో జోడేఘాటు కొండపై పోలీసుల తుపాకులకు ఆయన బలియయ్యెను. ఆయన జాడ చెప్పినవాడొక వేగులవాడని మన పల్లెలలో పాటగాను, మాటగాను చెప్పుకొందురు. అల్లం రాజయ్య, సాహు గారలు వ్రాసిన నవల వెలువడిన తరువాత భీముని కథ తెలుగు దేశమంతటికి తెలిసినది. ఆ వేగులవాని పేరు మీలో కొందరికి తెలిసియుండును. నేనిక్కడ చెప్పను. ముగ్గురి మాట ఏకీభవించినగాని నమ్మవద్దని ఇంతకుముందే చెప్పితిని. ఒక మనిషిని తరతరములు ద్రోహి యనుటకు జనశ్రుతి యొక్కటియే చాలదు. వీరుని గౌరవించుటకు మనకు ద్రోహి పేరు అవసరము లేదు.

భీముని మరణానంతరము జరిగిన యొక విచిత్రము చెప్పెదను. వియన్నా నగరమున పుట్టిన హైమండార్ఫ్ అను పండితుడు గిరిజనులను గూర్చి పరిశోధించుటకు మన దేశమునకు వచ్చెను. ఆస్ట్రియాను 1938లో జర్మనీ కలుపుకొన్నందున ఆయన చేతిలో జర్మను పాసుపోర్టుండెను. 1939లో యుద్ధము రాగానే ఆయన శత్రుదేశపు పౌరుడయ్యెను. హైదరాబాదు సంస్థానము దాటి పోగూడదని కట్టడి చేసిరి. అట్లు అనుమానింపబడినవాడు ఏమి చేసెను? చెంచులను, కొండరెడ్లను, మన గోండులను చేరి వారి మధ్య నివసించి, వారి భూములెట్లు పోయినవో, ఎవరు కాజేసిరో విచారించి ప్రభుత్వమునకు నివేదించెను. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ నారంభింపించెను. గోండి భాషలోనే వాచకములు వ్రాయించెను. తన చదువు చెప్పువాడు తనవాడే కావలయునని ఆయన ఉద్దేశము. ఆయన భార్య బెట్టీ గారు 1987లో మరణింపగా మార్లవాయిలోనే సమాధి చేసిరి. కాగితము ప్రకారము శత్రువైనవాడు మిత్రుడయ్యెను. మిత్రుడని నమ్మి బొటనవ్రేలు అప్పగించినవాడు భూమిని తినెను. పాసుపోర్టుమీద వ్రాసినది మనిషి మనస్సును చెప్పదు గదా!

గోండులకు అక్షరమే లేదనుకొనుటయు పొరపాటని తరువాత తెలిసినది. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామమున గోండి లిపిలో వ్రాసిన పాత వ్రాతప్రతులు బయటపడినవి. 2018లో ఆ లిపికి కంప్యూటరు అక్షరములలోను స్థానము దొరికినది. అక్షరముండియు, కచ్చేరీ అక్షరము తెలియనందున వారు నిరక్షరులని పిలువబడిరి.

చట్టములు రాలేదా యందురేమో. వచ్చినవి. గిరిజన ప్రాంతపు భూబదిలీ నిబంధన 1959లో వచ్చి, 1963లో తెలంగాణమునకు వర్తించినది. 1970లో దానిని సవరించిరి. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలోనున్న భూమి, వేరుగా రుజువగునంతవరకు, గిరిజనుని నుండి వచ్చినదిగనే భావింపవలయునని అందున్నది. ఇది ఎంత లోతైన మాటయో చూడుడు. అంతవరకు భూమి పోగొట్టుకొన్నవాడే సాక్ష్యము తేవలసియుండెను. ఇప్పుడు పట్టుకొన్నవాడు తేవలయును. కాగితముండుట ఒక్కటియే న్యాయము కాదని చట్టమే ఒప్పుకొన్నది. అయినను బినామీ పేర్లతో ఆ చట్టమును దాటిపోయినవారున్నారని మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక నా స్వవిషయము. ఇది 1962 ప్రాంతము. నాకు పండ్రెండేండ్లు. మా ఇంట బడికి పోయినవాడను నేనొక్కడనే. మా మేనమామకు మూడెకరముల చెలక యుండెను. కూతురి పెండ్లికి అప్పు కావలసి వచ్చి, ఒక షావుకారు వద్దకు పోయెను. కాగితము సిద్ధమైనది. మామ నన్ను వెంట తీసికొనిపోయి, అందరి ముందర గర్వముతో, "మా అల్లుడు సదువుతడు. సదివినంకనే నేను నిశాని ఏస్త" అనెను. నాకు కాగితమిచ్చిరి. అక్షరములు తెలుగే. నేను గొంతెత్తి గడగడ చదివితిని. అందు 'బైనామా' అను మాట వచ్చినది. దాని అర్థము నాకు తెలియదు. రహన్‌నామా యనగా తాకట్టు కాగితమని, బైనామా యనగా అమ్మకపు కాగితమని నాకెవ్వరును చెప్పలేదు. కచ్చేరీ మాట ఏదో యుండునని దాటిపోతిని. మామ అడిగెను: "సక్కగున్నదా అల్లుడా?" అందరును నావైపు చూచుచుండిరి. తెలియదని చెప్పుటకు సిగ్గుపడితిని. "సక్కగనే ఉన్నది మామా" అంటిని. ఆయన బొటనవ్రేలు సిరాలో ముంచెను.

ఆ మూడెకరములు తిరిగి రాలేదు. అప్పు తీర్చుటకు రూకలు పట్టుకొని పోయిన దినమున, భూమి అమ్మితివి గదా, అప్పెక్కడిదని వారనిరి. కాగితము నిజము. ముద్ర నిజము. చదివినవాడు సొంత మేనల్లుడు. మామ ఏ కోర్టుకు పోగలడు? ఆయన నన్నొక్క మాటయు అనలేదు. "పిల్లగాడు, ఆనికేం తెల్సు" అని మా అమ్మతో అనెనట. తరువాత పదునేనేండ్లు ఆయన పరుల చేలలో కూలికి పోవుట నేను చూచితిని. షావుకారు మోసము చేసెను, నిజమే. కాని ఆ మోసమునకు ద్వారము తీసినది నా సగము చదువు. చదువు రానివాడు తనకు రాదని ఎరుగును, జాగ్రత్తపడి ఇంకొకరి నడుగును. అర్థము తెలియకయే గడగడ చదువువాడు, తాను మోసపోవుటయే గాక తనను నమ్మినవానిని కూడ ముంచును. నేను ఉపాధ్యాయ వృత్తిలో చేరుటకు ఈ సంఘటనయే కారణము. ముప్పది యేండ్లకు పైగా బడిలో పిల్లలకు నేను మొట్టమొదట నేర్పినది, 'నాకు తెలియదు' అని సిగ్గుపడక చెప్పుట.

అది పాతకాలపు మాట, ఇప్పుడందరును చదివినవారే యని మీరనవచ్చును. మన ఊరిలో వేలిముద్ర వేయువారు తగ్గిన మాట నిజమే. కాని మోసమును కాలముతో పాటు చదువుకొన్నది. నేటి కాపటికుడు, తాపసుడు మన చేతిలోని ఫోనులోనికి వచ్చినారు. ఒకడు బ్యాంకువాడనని ఓటీపీ అడుగును. ఒకడు మీ పేర వచ్చిన పార్సెలులో మత్తుమందు దొరికినదని, మిమ్ము 'డిజిటల్ అరెస్టు' చేసితిమని, పోలీసు దుస్తులతో తెరమీద కనబడి భయపెట్టును. అట్టి అరెస్టు మన దేశపు చట్టములో లేనేలేదు. ఓటీపీ యనగా ఏమి? అది నేటి రాక్షసముద్ర! ఆ ఉంగరము చేజారి దొరలినచో, తరువాత జరుగువన్నియు మీరే చేసినట్లుండును. నిజమైన ఖాతా, నిజమైన అంకె, నిజమైన బదిలీ, మోసము మాత్రము లోపల. 'క్రింది షరతులు చదివి అంగీకరించితిని' అనుచోట మనము నొక్కుచున్నది బొటనవ్రేలితోనే గదా! చదువు వచ్చినవారమే, చదువక నొక్కుచున్నాము. మా మామకును మనకును ఇందు భేదమేమి?

ఊరూర తిరుగు వదంతులును ఇట్టివే. ఒకే మాట పదిమంది పంపినంతమాత్రమున పది సాక్ష్యములు కావు. ఫ్రాన్సు గోడలమీది కాగితములను జ్ఞప్తియందుంచుకొనుడు. ఒకరినొకరు ఎరుగని ముగ్గురు చెప్పిరా, లేక ఒకడు చెప్పినదే ముగ్గురి నోట వచ్చినదా యని విచారింపుడు.

గ్రంథాలయమునకు ఇందు పనియేమి? తెలంగాణమున గ్రంథాలయము మొదటినుండి ఈ పనికే పుట్టినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపించిన పెద్దలు, ప్రజలు తమ కాగితము తాము చదువుకొనవలయుననియే ఆశించిరి. సభ జరుపుటకు ముందుగా అనుమతి పొందవలయునను 'గస్తీ నిశాన్ 53' వంటి కట్టడుల నడుమ ఆ పని చేసిరి. పదిమంది కూర్చుండి పత్రిక చదువుకొనుటను ఏలినవారు అనుమానించిరనగా, అందు బలమెంత యున్నదో వారికి తెలిసియుండెనన్నమాట.

కావున ఈ రజతోత్సవ శుభదినమున కార్యవర్గమునకు నాదొక మనవి. వారమున ఒక సాయంకాలము, ఆసిఫాబాదు సంతకు పోయినవారు తిరిగివచ్చిన తరువాత, ఈ గదిలో 'కాగితములు చదివి చెప్పు వేళ' యని ఏర్పరుపుడు. ఎవరైనను తమ దస్తావేజును గాని, బ్యాంకు నోటీసును గాని, ఫోనులో వచ్చిన సందేశమును గాని తెచ్చి అడుగవచ్చును. చదివి చెప్పువారు ఒక్కరు కాక ఇద్దరుండవలయును. గోండి తెలిసినవారొకరుండవలయును. మొదటి నియమమొకటి గోడపై వ్రాయింపుడు: అర్థము తెలియని మాట వచ్చినచో, చదివినవాడు అక్కడ ఆగి, తెలియదని చెప్పవలయును. ఆ మాటకు అర్థము దొరకునంతవరకు ఎవ్వరును సంతకము చేయరాదు, నిశానీ వేయరాదు. మొదటి ఆరునెలలు అక్కడ కూర్చుండుటకు నేను సిద్ధముగా నున్నాను.

ముద్రారాక్షసపు ముగింపు ఒకటి చెప్పి విరమించెదను. అంతటి చాణక్యుడు రాక్షసుని పట్టుకొన్నది దొంగలేఖతో కాదు. లేఖ రాక్షసుని సేనను చెదరగొట్టినది గాని అతనిని లొంగదీయలేదు. మిత్రుని భార్యాబిడ్డల జాడ చెప్పక, ప్రాణమైన నిచ్చెదనని వధ్యస్థలమున నిలిచిన చందనదాసుని రక్షించుటకై రాక్షసుడు తనంతట తానే వచ్చి లొంగిపోయెను. ఇందరు వేగులు తిరిగిన ఆ నాటకమున, చివర ఎత్తులన్నియు ఆధారపడినది ఒక వర్తకుని నిజాయితీపైననే. ఆ పుస్తకము రెండవ బీరువాలో, పై అరలో నున్నది. ఈ సభ ముగిసిన తరువాత ఎవరైన తీసికొనిపోయి, మన చిట్టాలో దాని పేరెదుట ఇంకొక గీత చేర్చినచో సంతోషింతును.